ఇంటి కాక్‌పిట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్‌లో విమానం నడిపేవాళ్ల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం గురించే. అందుకని కింద ఇచ్చిన అంకెలన్నీ, వేరే పేరు చెప్పిన చోట తప్ప, 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఐఓ-360 ఇంజనున్న 172ఎస్‌వి. మీరు నడిపేది ఇంకో విమానమైతే దాని పైలట్ హ్యాండ్‌బుక్ తెరిచి అందులోని అంకెలు పెట్టుకోండి.

ప్రశ్న: టేకాఫ్‌కి థ్రాటిల్ (ఇంజను పవర్ పెంచే లీవర్) నెట్టగానే విమానం ఎడమకి గుంజుకుపోయి గడ్డిలో దిగుతోంది. జాయ్‌స్టిక్ పాడైందంటారా?

జవాబు: జాయ్‌స్టిక్‌కి ఏమీ కాలేదు. ఎడమకి లాగకపోతేనే అనుమానించాలి. కాక్‌పిట్‌లోంచి చూస్తే ప్రొపెల్లర్ కుడివైపుకి తిరుగుతుంది. అది వెనక్కి తోసే గాలి సుడి తిరుగుతూ వచ్చి తోక నిలువు రెక్కని ఎడమ పక్కనుంచి కొడుతుంది. తోక కుడికి, ముక్కు ఎడమకి పోతాయి. దానికి తోడు ఇంజను టార్క్ ఎడమ చక్రం మీద బరువు పెంచుతుంది. పరుగు మొదట్లో లాగేవి ఈ రెండే. చాలామంది పీ-ఫ్యాక్టర్ (ప్రొపెల్లర్ రెండు పక్కలా సమంగా లాగకపోవడం) పేరు చెబుతారు గానీ, మూడు చక్రాల మీద సమంగా నిలబడ్డ విమానంలో దాని వాటా తక్కువ. ముక్కు పైకెత్తాక మాత్రం కిందికి దిగే కుడి బ్లేడుకి గాలి ఎక్కువ కోణంలో తగిలి, లాగుడులో దాని వాటా పెరుగుతుంది. అంటే నేల వదిలాక కూడా కుడి రడ్డర్ పెడల్ (తోక చుక్కానిని తిప్పేది) మీంచి కాలు తియ్యకూడదన్నమాట.

థ్రాటిల్‌ని ఒక్కసారిగా కాకుండా మూడు నాలుగు సెకన్లలో నెట్టండి. థ్రాటిల్‌తో పాటే కుడి పెడల్ కూడా మొదలవ్వాలి, ముక్కు పక్కకి పోయాక కాదు. 55 నాట్ల వేగం దగ్గర ముక్కు ఎత్తండి, 70 నుంచి 80 నాట్ల మధ్య ఎక్కండి. ఎక్కేటప్పుడు బాల్‌ని (విమానం పక్కకి జారుతోందో లేదో చూపించే గొట్టంలోని గుండుని) చూడండి. అది ఏ వైపు జారితే ఆ వైపు పెడల్ తొక్కాలి. ముళ్లకి బదులు తెరలుండే గ్లాస్ కాక్‌పిట్‌లో బాల్ ఉండదు, పైన త్రికోణం కింద చిన్న పట్టీ ఉంటుంది. సూత్రం అదే. పవర్ తగ్గించి దిగేటప్పుడు ఈ బలాలు తగ్గిపోతాయి, కాలు సడలించాలి. ఇదంతా నేర్చుకోవాలంటే సెట్టింగుల్లో రడ్డర్‌ని తనే నడిపే ఆటో రడ్డర్ ఆపెయ్యడం తప్పనిసరి. అది ఉన్నంతకాలం మీ కాళ్లకి పని తెలియదు.

ప్రశ్న: ఎత్తు నిలబెట్టలేకపోతున్నాను. 3000 అడుగులు అనుకుంటే 2700కీ 3300కీ మధ్య ఊగుతోంది. చెయ్యి తీస్తే చాలు, ఎటో పోతుంది.

జవాబు: ఇందులో రెండు తప్పులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ముల్లు వెంట పరిగెత్తడం, రెండోది ట్రిమ్‌ని (చేతి మీద బరువు తగ్గించే చక్రాన్ని) తప్పుగా వాడడం.

మొదటిది ముందు చూద్దాం. ఎక్కే దిగే వేగం చూపించే వీఎస్ఐ ఆరు నుంచి తొమ్మిది సెకన్లు ఆలస్యంగా నిజం చెబుతుంది. అది 300 కిందికి చూపించగానే మీరు వెనక్కి లాగుతారు, అది తేరుకునేలోపు ఇంకా లాగుతారు. తీరా ముల్లు పైకి లేచేసరికి విమానం ఎప్పుడో ఎక్కేస్తూ ఉంటుంది. ముల్లుని వదిలేసి అద్దంలోంచి బయటికి చూడండి. ఇంజను కవరు పై అంచుకీ దిగంతానికీ మధ్య ఎంత ఎడం ఉందో కంటితో పట్టుకోండి. ఆ ఎడం కదలకపోతే ఎత్తూ కదలదు. పరికరాల వైపు ఒక్క చూపు చాలు.

రెండోది ఇంట్లో ఎగిరేవాళ్లకే వచ్చే చిక్కు. నిజం విమానంలో యోక్ (చేత్తో పట్టుకుని నడిపే స్టీరింగు) వెనక ఉండేది గాలి. మీరు యోక్‌ని వెనక్కి పట్టుకుని ఉంటే బరువు తెలుస్తుంది. ట్రిమ్ చక్రం తిప్పేకొద్దీ యోక్ అక్కడే ఉంటుంది, బరువు మాత్రం కరిగిపోతుంది. మీ బల్ల మీది యోక్‌లో ఉన్నది స్ప్రింగు. ట్రిమ్ ఎక్కడున్నా అది నడిమధ్యకే లాగుతుంది. మీరు యోక్‌ని అలాగే వెనక్కి పట్టుకుని ట్రిమ్ కూడా వెనక్కి తిప్పితే రెండూ కలిసి ముక్కు లేచిపోతుంది. కాబట్టి ట్రిమ్ ఒక్కో నొక్కు నొక్కుతూ, అంతకంతే యోక్‌ని మధ్యకి వదులుతూ రావాలి. ముక్కు మాత్రం దిగంతం మీద కదలకూడదు. యోక్ నడిమధ్యకి చేరి, ముక్కు అక్కడే ఉంటే ట్రిమ్ అయినట్టు. చేతులు తీసేసి పది సెకన్లు ఆగండి. వీఎస్ఐ 100 అడుగుల లోపలే ఉంటే చాలు.

వరసా ముఖ్యమే. ముక్కు ముందు, పవర్ తర్వాత. వేగం స్థిరపడేదాకా ఆగి, ఆ తర్వాతే ట్రిమ్. వేగం ఇంకా మారుతుండగా ట్రిమ్ చేస్తే అర నిమిషంలో మళ్లీ చెయ్యాల్సిందే. ఇంకో మాట, ట్రిమ్ నిలబెట్టేది ఎత్తుని కాదు, వేగాన్ని. 100 నాట్లకి ట్రిమ్ చేసి పవర్ పెంచితే విమానం వేగంగా పోదు, దాదాపు అదే వేగంతో పైకెక్కుతుంది. ఇది ఒంటపట్టిన రోజున సగం పని తీరిపోతుంది.

ఒక సాయంత్రం దీనికే కేటాయించండి. గాలి లేకుండా, 3000 అడుగుల మీద, కాగితం పక్కన పెట్టుకుని ఆరు స్థితులు రాసుకోండి: ఫుల్ థ్రాటిల్‌తో 75 నాట్ల మీద ఎక్కడం, 2400 ఆర్‌పీఎం మీద సమంగా పోవడం, 90 నాట్ల మీద సమంగా పోవడం, 90 నాట్ల మీద నిమిషానికి 500 అడుగులు దిగడం, ఫుల్ ఫ్లాప్స్‌తో (రెక్కల వెనక అంచు పలకలు పూర్తిగా దించి) 65 నాట్ల మీద దిగడం, ఇంజను ఐడిల్‌లో 68 నాట్ల గ్లైడ్. ఒక్కోదానికి ఎంత ఆర్‌పీఎం కావాలి, ముక్కు ఎక్కడుండాలి అన్నది ఆ కాగితం మీదికి రావాలి. నిజం పైలట్‌కి కుర్చీలోంచీ చేతిలోంచీ తెలిసేది మనకి ఇంట్లో తెలియదు. ఆ లోటు పూడ్చేది ఈ అంకెలే.

యోక్ సెన్సిటివిటీని కర్వ్ పెట్టి మరీ మెత్తబరచకండి. పొట్టి జాయ్‌స్టిక్‌కి కొంచెం కర్వ్ అవసరమే, పెద్ద యోక్‌కి అక్కర్లేదు. డెడ్ జోన్ రెండు మూడు శాతం దాటితే మధ్యలో ఏమీ జరగని చోటు ఏర్పడి, మీ చెయ్యి అటూ ఇటూ వెతుక్కుంటూ ఉంటుంది.

ప్రశ్న: చల్లగా ఉన్నప్పుడు ఇంజను బాగానే స్టార్ట్ అవుతోంది. ల్యాండయి పది నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తే తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు.

జవాబు: ఇంత దాకా చూపించే విమానం దొరికినందుకు సంతోషించండి, అన్నీ చూపించవు. ఇది ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజను. ఆపిన తర్వాత కవరు లోపల వేడి పైకి చేరి, సన్నటి ఇంధన గొట్టాల్లో పెట్రోలు ఆవిరైపోతుంది. చల్లటి ఇంజనుకి చేసినట్టే ప్రైమ్ చేస్తే (ముందుగా పెట్రోలు ఎక్కిస్తే) ఒక్కోసారి ఎక్కువై ముంచేస్తుంది.

చల్లటి ఇంజనుకి: థ్రాటిల్ పావు అంగుళం, మిక్స్చర్ (పెట్రోలు పాలు మార్చే ఎర్ర నాబ్) పూర్తిగా వెనక్కి, మాస్టర్ స్విచ్, ఫ్యూయల్ పంప్ ఆన్. మిక్స్చర్‌ని ముందుకి నెట్టి ఫ్యూయల్ ఫ్లో ముల్లు లేచి నిలబడేదాకా మూడు నుంచి ఐదు సెకన్లు ఉంచి, మళ్లీ వెనక్కి లాగి పంప్ ఆపండి. ఇప్పుడు కీ తిప్పండి. అందుకోగానే మిక్స్చర్‌ని మెల్లగా ముందుకి. వేడి ఇంజనుకి ఈ ప్రైమింగ్ వదిలేసి నేరుగా తిప్పి చూడండి. మునిగిందనిపిస్తే మిక్స్చర్ వెనక్కే ఉంచి, థ్రాటిల్ సగం నుంచి పూర్తిగా తెరిచి తిప్పండి. అందుకోగానే మిక్స్చర్ ముందుకి, థ్రాటిల్ వెనక్కి, రెండు చేతులూ ఒకేసారి పని చెయ్యాలి. పది సెకన్లకి మించి స్టార్టర్ తిప్పకండి. ఇంజను అందుకున్నాక 1000 ఆర్‌పీఎం పెట్టి ఆయిల్ ప్రెషర్ చూడండి. 30 సెకన్లలో ఆకుపచ్చ గీతలోకి రాకపోతే ఆపెయ్యాలి.

ప్రశ్న: మాగ్నెటో (ప్లగ్గులకి నిప్పురవ్వ పుట్టించే పరికరం) చెక్‌లో ఆర్‌పీఎం అసలు పడకపోతే మంచిదే కదా?

జవాబు: కాదండి. 1800 ఆర్‌పీఎం దగ్గర కీని కుడి మాగ్నెటోకి, మళ్లీ రెండింటికి, తర్వాత ఎడమ మాగ్నెటోకి, మళ్లీ రెండింటికి తిప్పుతారు. ఒక్కోదాని మీద 150కి మించి పడకూడదు, రెండింటి తేడా 50 దాటకూడదు. ఒక మాగ్నెటో ఆగితే ప్రతి సిలిండర్లో రెండు ప్లగ్గుల్లో ఒకటే మండిస్తుంది కాబట్టి కొంతైనా పడి తీరాలి. అసలు పడలేదంటే ఆ మాగ్నెటోని ఆపే వైరు తెగి ఉండవచ్చు. అప్పుడు కీ ఆఫ్‌లో ఉన్నా ప్రొపెల్లర్ మీద చెయ్యి వేస్తే ఇంజను అందుకునే ప్రమాదం ఉంది. సిమ్యులేటర్‌లో అయితే ఆ విమానం తయారుచేసినవాళ్లకి ఓపిక చాలలేదని కూడా అర్థం కావచ్చు.

ప్రశ్న: మిక్స్చర్ ఎర్ర నాబ్‌ని ఎప్పుడు ఎంత లాగాలి? ఇప్పటిదాకా ఆటో మిక్స్చర్ మీదే ఎగురుతున్నాను.

జవాబు: ఆపెయ్యండి. పిస్టన్ ఇంజనులో చేతికి పని ఉన్నదే అక్కడ.

పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది, పెట్రోలు మాత్రం అంతే పడుతూ ఉంటుంది. మిశ్రమం చిక్కబడి ఇంజను మొరాయిస్తుంది. నాబ్ లాగడమంటే గాలికి తగ్గట్టు పెట్రోలు తగ్గించడమే. 172ఎస్‌లో 3000 అడుగుల పైనుంచి టేకాఫ్‌కీ ఎక్కడానికీ కూడా లాగమని హ్యాండ్‌బుక్ చెబుతుంది. ఎత్తైన చోట రన్‌వే మీద బ్రేకులు పట్టి ఫుల్ థ్రాటిల్ పెట్టండి, నాబ్‌ని మెల్లగా లాగండి. ఆర్‌పీఎం పెరుగుతూ పోయి ఒక చోట ఆగి, పడడం మొదలుపెడుతుంది. ఆ శిఖరం దగ్గర పెట్టి వెంట్రుకవాసి ముందుకి నెట్టండి. "ఐదు వేల అడుగుల ఎత్తులో ఉన్న రన్‌వే మీద విమానం లేవడం లేదు" అని వచ్చిన ఉత్తరాలు మూడు. మూడింటికీ ఇదే జవాబు.

క్రూజ్‌లో (సమంగా పోయేటప్పుడు) ఈజీటీ, అంటే ఇంజను పొగ వేడి చూపించే ముల్లు, చూస్తూ లాగండి. ఉష్ణోగ్రత ఎక్కుతూ ఎక్కుతూ శిఖరం చేరి దిగుతుంది. శిఖరాన్ని గుర్తుపెట్టుకుని, మళ్లీ చిక్కటి వైపుకి 50 ఫారెన్‌హీట్ డిగ్రీలు రండి. చిక్కల్లా బల్ల మీది లీవర్‌తోనే. నిజం నాబ్‌ని చివర తిప్పితే మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. మీ లీవర్‌లో జరగాల్సిందంతా రెండు సెంటీమీటర్లలో జరిగిపోతుంది. కాస్త కదిపి, ఈజీటీ ముల్లు ఆగేదాకా ఆగి, మళ్లీ కాస్త కదపండి. తొందరపడితే శిఖరం దాటిపోయిందని కూడా తెలియదు.

దిగేటప్పుడు వెయ్యి అడుగులకోసారి కొంచెం కొంచెం ముందుకి నెట్టుకుంటూ రండి. 8000 అడుగుల మీద పెట్టిన చోటే వదిలేసి కిందికి వస్తే ఐడిల్‌లో ఏమీ తెలియదు. గో-అరౌండ్‌కి (దిగడం మాని మళ్లీ పైకెక్కడానికి) థ్రాటిల్ నెట్టినప్పుడు ఇంజను దగ్గి ఊరుకుంటుంది.

నేల మీద కూడా లాగాలి. పెట్రోల్లోని సీసం చిక్కటి మిశ్రమంతో ప్లగ్గుల మీద పేరుకుంటుంది. ట్యాక్సీలో లాగితే బాగా లాగండి, కొంచెం కాదు. ఎంతంటే, మరిచిపోయి టేకాఫ్‌కి థ్రాటిల్ నెడితే ఇంజను అక్కడే ఆగిపోయేంత. సగం సగం లాగినప్పుడే మరుపు గాల్లోకి వెళ్లాక బయటపడుతుంది.

ప్రశ్న: 172లో కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కి వేడి గాలి పంపే) నాబ్ ఎక్కడా కనిపించడం లేదు.

జవాబు: 172ఎస్‌లో కార్బ్యురేటర్ లేదు కాబట్టి నాబ్ కూడా లేదు. సెస్నా 152లోనో, పాత 172ఎన్‌లోనో ఉంటుంది. కార్బ్యురేటర్ గొంతులో పెట్రోలు ఆవిరవుతూ, గాలి విస్తరిస్తూ ఉష్ణోగ్రతని 30 సెల్సియస్ డిగ్రీలకి పైగా పడేయగలవు. బయట 20 డిగ్రీలుండి గాలి తేమగా ఉంటే లోపల మంచు కట్టడానికి అది చాలు. ఆర్‌పీఎం మీరేమీ ముట్టకుండానే మెల్లగా జారుతుంది. హీట్‌ని పూర్తిగా లాగండి, సగం వద్దు. మొదట ఆర్‌పీఎం ఇంకా పడుతుంది, కరిగిన నీళ్లు మింగుతూ ఇంజను గరగరలాడుతుంది. భయపడి నాబ్‌ని వెనక్కి నెట్టేసేది ఇక్కడే. ఆగండి, ఆర్‌పీఎం తనే లేస్తుంది. దిగేటప్పుడైతే పవర్ తగ్గించే ముందే హీట్ పెట్టాలి.

ప్రశ్న: ల్యాండింగ్‌లో నేల ఎంత దూరంలో ఉందో అంచనా దొరకదు. ఒకసారి ధబేలుమంటుంది, ఇంకోసారి రన్‌వే సగం దాకా తేలుతూనే ఉంటుంది.

జవాబు: ధబేలుమనడానికి చాలాసార్లు కారణం మీ కళ్లు కాదు, తెర మీది కోణం. ఫీల్డ్ ఆఫ్ వ్యూని (తెర మీద కనిపించే చూపు కోణాన్ని) వెడల్పుగా పెట్టుకుంటే ప్యానెల్ అంతా కనిపిస్తుంది, కానీ రన్‌వే చిన్నదై దూరంగా కనిపిస్తుంది. ఇంకా ఎత్తులో ఉన్నామనుకుని ఫ్లేర్ (నేల దగ్గర ముక్కు మెల్లగా ఎత్తడం) ఆలస్యం చేస్తారు. 27 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. కళ్లు 65 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఆ తెర నిజానికి మీ చూపులో ఆక్రమించేది 50 డిగ్రీలే. 50 పెడితే ప్యానెల్ సగం పోతుంది నిజమే. 60కి ఒప్పుకోవచ్చు, 90 మాత్రం వద్దు. ఏది పెట్టినా, కుర్చీ ఎత్తుతో సహా కెమెరాని సేవ్ చేసి ఇక ముట్టకండి. రోజుకో ఎత్తు నుంచి చూస్తే అంచనా ఎప్పటికీ కుదరదు.

తేలడానికి కారణం వేగం. 65 నాట్ల బదులు 75తో వస్తే విమానంలోని శక్తి మూడో వంతు ఎక్కువ. ఆ శక్తి ఖర్చయ్యేదాకా అది దిగదు, బలవంతంగా దించితే ముందు చక్రం మీద పడి ఎగురుతుంది. కాబట్టి ఫైనల్లో (రన్‌వేకి సూటిగా వచ్చే చివరి దిగుడులో) ఫుల్ ఫ్లాప్స్‌తో 65 నాట్లు, ట్రిమ్ చేసి. మూడు డిగ్రీల వాలుకి నిమిషానికి ఎంత దిగాలంటే గ్రౌండ్ స్పీడ్‌ని ఐదుతో హెచ్చించండి: 65కి 325 అడుగులు. రన్‌వే నంబర్ల దగ్గర ఒక చోటు ఎంచుకోండి. అది అద్దంలో పైకి జరుగుతుంటే మీరు ముందే పడిపోతారు, కిందికి జరుగుతుంటే దాటిపోతారు, కదలకపోతే అక్కడికే చేరతారు.

పది ఇరవై అడుగుల ఎత్తులో థ్రాటిల్ మూసి, చూపుని ఆ చోటు మీంచి తీసి రన్‌వే చివరికి పంపండి. ముక్కు కిందనే చూస్తూ ఉంటే నేల మీద పడ్డట్టే అనిపించి గబుక్కున లాగేస్తారు. ముందు దిగడం ఆపండి, తర్వాత వేగం పడేకొద్దీ కొంచెం కొంచెం వెనక్కి లాగుతూ విమానాన్ని కూర్చోనివ్వకుండా పట్టుకోండి. దానంతటది కూర్చుంటుంది. ఎగిరిపడితే ముక్కు కిందికి నెట్టొద్దు. ఫుల్ థ్రాటిల్, ఫ్లాప్స్ వెంటనే 20 డిగ్రీలకి, 60 నాట్లతో ఎక్కడం. ల్యాండింగ్‌కి చేసిన ట్రిమ్ వల్ల పవర్ పెట్టగానే ముక్కు గట్టిగా లేస్తుంది, యోక్‌ని ముందుకి నెట్టి పట్టుకోవాల్సి వస్తుంది.

నేల దగ్గర తెర తడబడుతుందేమో కూడా చూడండి. సెకనుకి 60కీ 25కీ మధ్య గెంతే ఫ్రేముల కంటే కదలకుండా నిలిచే 30 ఎంతో మేలు.

ప్రశ్న: పక్కగాలి ఎంతవరకు సెస్నా తట్టుకుంటుంది?

జవాబు: 172ఎస్ పరీక్షల్లో చేసి చూపించింది 15 నాట్లు. అది నిషేధ రేఖ కాదు గానీ, ఇంట్లో పొట్టి జాయ్‌స్టిక్‌తో ఎనిమిదే ఎక్కువ. గాలి రన్‌వేకి 30 డిగ్రీల పక్కనుంచి వస్తే సగం లెక్క, 45 అయితే పదికి ఏడు వంతులు, 60 దాటితే దాదాపు మొత్తం. గాలి వైపు రెక్క దించి, ఎదురు పెడల్‌తో ముక్కుని రన్‌వేకి సూటిగా ఉంచి, గాలి వైపు చక్రం మీద దిగండి. దిగాక ఐలరాన్ (విమానాన్ని పక్కకి వంచే రెక్క పలక) వదిలెయ్యడం అందరూ చేసే తప్పు. వేగం తగ్గేకొద్దీ గాలి వైపుకి ఇంకా తిప్పుతూ పోవాలి.

ప్రశ్న: నలుగురిని ఎక్కించి ట్యాంకులు నింపితే విమానం సరిగ్గా ఎక్కడం లేదు.

జవాబు: లెక్క వెయ్యండి. గరిష్ఠ బరువు 2550 పౌండ్లు. ఖాళీ విమానం సుమారు 1660. వాడుకోగల 53 గ్యాలన్ల పెట్రోలు, గ్యాలన్‌కి 6 పౌండ్ల చొప్పున 318. మిగిలేది 572. ఒక్కొక్కరు 170 పౌండ్లనుకున్నా నలుగురికి 680. వంద పౌండ్లకి పైగా ఎక్కువైంది. ఆ నలుగురినీ తీసుకెళ్లాలంటే 35 గ్యాలన్లే పోయాలి. నాలుగు సీట్లున్నాయంటే నలుగురూ ఫుల్ ట్యాంకులూ అని కాదు.

ప్రశ్న: బొనాంజా విమానంలో ఇంజను ఆపి ఉన్నా మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజనులోకి వెళ్లే గాలి ఒత్తిడి) 29, 30 అంగుళాలు చూపిస్తోంది. బగ్గా?

జవాబు: బగ్ కాదు, అది బయటి గాలి ఒత్తిడి. ఇంజను తిరుగుతూ గాలి పీల్చినప్పుడు, మూసిన థ్రాటిల్ అడ్డుపడి అది పడిపోతుంది. ఎత్తు ఎక్కేకొద్దీ వెయ్యి అడుగులకి సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ఇలా ప్రొపెల్లర్‌కి వేరే లీవర్ ఉన్న విమానాల్లో పవర్ పెంచేటప్పుడు ముందు ప్రొపెల్లర్ లీవర్, తర్వాత థ్రాటిల్. తగ్గించేటప్పుడు ముందు థ్రాటిల్.

ప్రశ్న: ముందు రడ్డర్ పెడల్స్ కొనాలా, యోక్ కొనాలా, వీఆర్ కళ్లజోడా?

జవాబు: పెడల్స్. మెలితిరిగే జాయ్‌స్టిక్‌తో యోక్ పని నెట్టుకురావచ్చు, కాళ్ల పనిని చేతికి అప్పజెపితే మాత్రం పక్కగాలిలో ఐలరానూ రడ్డరూ కలిసిపోతాయి. తర్వాత థ్రాటిల్, మిక్స్చర్ విడివిడిగా ఉన్న లీవర్లు, ఒక ట్రిమ్ చక్రం. వీఆర్ ఫ్లేర్‌కి బాగా పనికొస్తుంది గానీ చెక్‌లిస్ట్ కాగితం కనిపించదు, చివరికి కొనండి.